ఆరు కిలోమీటర్ల సెలవు

ఏప్రిల్‌లో ఒక వారం
మా ఉరుగ్వే దేశం ఇంటిపట్టున ఉండదు.
గుడారం ఉన్నవాళ్ళు గుడారం, లేనివాళ్ళు దుప్పటి
కారు నెత్తిన కట్టుకుని పోతూనే ఉంటారు.
యమందూ అయితే
సముద్రం, సముద్రం అని జనవరి నుంచీ ఒకటే జపం.
సముద్రం నాలుగు వందల కిలోమీటర్లు.
మా కారు క్లచ్చి సంగతి
కారుకీ తెలుసు, నాకూ తెలుసు.

"నది లేదా ఏం?" అన్నాను.
"రోజూ చూసే నదేగా."
"రోజూ చూస్తున్నావా?"
మాతే బుర్రలోకి వేడినీళ్ళు ఒంపుకుంటూ
అటు తిరిగాడు.

అలా పార్కు ఎంచే పని నా మీద పడింది.
పిల్లకి బడి వెతికినప్పుడు కూడా ఇంత తిరగలేదు.
ఆసుపత్రి లాండ్రీలో డ్యూటీ దిగి
అదే నీలం కోటుతో సైకిలెక్కాను.
మొదటి పార్కులో బోలెడు నీడ,
మరుగుదొడ్డి తలుపుకి మాత్రం గడియ లేదు.
స్టేడియం వెనకదాంట్లో గడియ ఉంది, గడియకి తాళం ఉంది,
తాళంచెవి ఉన్నవాడు సముద్రానికి పోయాడు.

మూడోది ఏటి మలుపులో నీలగిరి తోపు.
ఇటుక పొయ్యి గోడ మీద ఎవరో బొగ్గుతో
"గ్లాదిస్, కోపం చాలు" అని రాసిపెట్టారు.
కుళాయి నుంచి అడుగులు లెక్కపెట్టాను, ముప్పై ఎనిమిది.
సాయంత్రం అయిదింటికి ఎండ ఎటు వాలుతుందో
నిలబడి చూశాను.
నేలంటారా,
కంటికి ప్రతి నేలా చదునే,
వీపుకే తెలుస్తుంది నిజం.
అందుకని పడుకున్నాను.
బూట్లతో సహా, చేతులు బార్లా చాపి,
ఇక్కడ నేను, ఇక్కడ పిల్ల, ఆ పక్కన యమందూ.
నడుం కింద ఒక వేరు
మొండి బిడ్డ మోకాలిలా పొడిచింది.
జరిగాను. మళ్ళీ జరిగాను.

కుక్కని తిప్పుతున్న ముసలాయన పరుగున వచ్చి
"అమ్మా, బతికే ఉన్నావా?" అన్నాడు.
"మా కుటుంబానికి చోటు చూస్తున్నానండీ" అన్నాను.
ఆయన రెండడుగులు వెనక్కి వేసి
శిలువ గుర్తు వేసుకున్నాడు.

గురువారం వచ్చాం.
గుడారం మేకులు కొడుతుంటే
తీతువులు మా మీద పోలీసు కేసు పెట్టినంత గోల చేశాయి.
నిప్పులు ఎర్రగా పండాయి, మాంసం గ్రిల్లు ఎక్కింది,
అప్పుడు తెలిసింది ఉప్పు లేదని.
యమందూ నా సైకిలు మీద ఇంటికి వెళ్ళాడు.
వచ్చేసరికి చీకటి.
ఉప్పు ఇచ్చి, చెమట తుడుచుకుని,
ఏదో చుట్టాలింటికి పోయొచ్చినవాడిలా
"ఇల్లు బాగానే ఉంది" అన్నాడు.

తిన్నాక మైతే నది అవతలికి వేలు చూపించింది.
రోడ్డు మీద ఆరు కిలోమీటర్లే గానీ
నీళ్ళ మీదుగా చూస్తే ఊరు పక్కనే.
గుట్ట మీద ఒకే ఒక్క కిటికీ, పసుపుగా.
"అక్కడ ఇంకా ఎవరో మేలుకుని ఉన్నారమ్మా."
చూశాను. ఎడమ పక్క నీళ్ళ ట్యాంకు,
కుడి పక్క బేకరీ పొగగొట్టం.
యమందూ వైపు చూశాను.
అతను నిప్పుల వైపు చూశాడు.
"దీపం..." అని గొణిగి, లేవబోయి,
లేవకుండా కూర్చుండిపోయాడు.

పదకొండేళ్ళుగా ఆ కిటికీ లోపల గిన్నెలు తోముతున్నాను.
బయటినుంచి ఎలా ఉంటుందో తెలీదు.
ఎవరో నిమ్మళంగా బతుకుతున్న ఇల్లులా ఉంది.
పిలిస్తే వెళ్ళాలనిపించేలా ఉంది.
"వాళ్ళకి మన మంట కనబడుతుందా?" అంది మైతే.
"కనబడకేం" అన్నాడు వాళ్ళ నాన్న,
ఆ సాయంత్రం సముద్రం ఊసెత్తకుండా
అతను అన్న పొడుగాటి మాట అదే.

నడిరేయి గుడారం గుడ్డ కదిలింది.
అటు దొర్లి, ఇటు దొర్లి,
"మీర్తా, నా కింద ఏదో ఉంది" అన్నాడు.
నేను
నిద్రపోతున్నాను.